అడగకుండా పూసిన తెలుపు

చచ్చిపోయిన మనిషి ముఖానికి సున్నం కొట్టే అధికారం మీకెవరిచ్చారు?

మిమ్మల్నే అడుగుతున్నాను. "నేనెప్పుడు కొట్టాను?" అంటూ అటూ ఇటూ చూస్తున్నారే, మిమ్మల్నే. మీ ఇంట్లో దండ వేసి పెట్టిన మీ అమ్మ ఫోటో దగ్గరికి ఒకసారి పోయి నిలబడండి. నాట్లేసి, కలుపు తీసి, ఎండకు ఎండి నల్లబడ్డ మనిషి ఆమె. ఆ చట్రంలో ఉన్న గులాబీరంగు ముసలామె ఎవరు? ఎవరింట్లో నుంచి తెచ్చి పెట్టారు ఆమెను? మీ అమ్మను ఎక్కడ దాచారు?

మొన్న కోరుట్ల బస్టాండులో ఈ ప్రశ్న నాకు ఎదురైంది. తెలిసిన ఫోటోగ్రాఫర్ ఒకాయన పోయాడంటే, దినాల నాడు ఇంటికి పోయి వద్దామని జగిత్యాల నుంచి బస్సులో వచ్చి దిగాను. ఆటో కోసం ఒక కరెంటు స్తంభం పక్కన నిలబడ్డాను. స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో ఎవరో తెల్లటి పెద్దమనిషి. చెంపలకు ఎరుపు, పెదాలకు ఎరుపు, వెనక నీలిమబ్బులు. పైన "కన్నీటి నివాళి". కింద గుండ్రటి బొమ్మల్లో వరసగా గల్లీ లీడర్లు. ఎవరో సేటు పోయినట్టున్నాడు అనుకున్నాను. ఆటోలో ఒక కాలు పెట్టాక పేరు చదివాను.

ఆయనే.

నేను ఆయన పేరు ఇక్కడ రాయను. ఫ్లెక్సీ మీద పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంది. ముఖం పోయాక పేరొక్కటి ఉండి ఏం లాభం? అందుకని నేను దానికి ఉల్టా పని చేస్తాను. పేరు వదిలేసి ముఖం రాస్తాను.

ఆయన నలుపు. మర్యాదకు చామనఛాయ అంటామే, అది కాదు. నలుపు. తాటిచెట్లెక్కి కల్లు గీసే ఇంట్లో పుట్టాడు. తండ్రి నలుపు, తల్లి నలుపు, చెల్లెలు నలుపు. ఆ ముఖంలో కళ్లు మాత్రం దీపాలు పెట్టినట్టుండేవి. రంగు గురించి ఎవరైనా కదిపితే ఆయన దగ్గర జవాబు తయారుగా ఉండేది.

"నన్ను తెల్లగ చూడాలంటే నెగటివ్ చూడుర్రి. అండ్ల నేను దొరోలె ఉంట."

ఆయనకు ఒక బలహీనత ఉంది. మీసం. పెద్ద మీసం, దానికి వారం వారం రంగు వేసేవాడు. ఆయన సిద్ధాంతం సంగతి తెలిశాక ఒకసారి పట్టుకున్నాను.

"ఉన్నది ఉన్నట్టుండాలంటవు గదా అన్నా. మరి గీ మీసం సంగతేంది?"

"మీసం ఎవలది?"

"నీదే."

"రంగేసింది ఎవలు?"

"నువ్వే."

"అయిపాయె. నా మీసానికి నేనేసుకున్న. నన్ను అడగకుంట ఇంకొకడు వచ్చి ఏస్తే వాని చెయ్యి ఇరగ్గొడ్త. నీకు అర్థమయ్యిందా, ఉపన్యాసం సారూ?"

నేను వేదికల మీద పెద్దపెద్దవాళ్లతో వాదించినవాణ్ని. ఆ పూట చాయ్ నేనే తెప్పించి ఓటమి ఒప్పుకున్నాను. ఇప్పుడు ఆ ఫ్లెక్సీ కింద నిలబడితే ఆయన మాటే చెవిలో మోగింది. అడగకుండా వేశారు. అదీ నోరు లేకుండా పోయాక వేశారు.

ఆయన స్టూడియో కోరుట్ల బజార్లో ఒక బట్టల దుకాణం వెనక ఉండేది. ముందు గదిలో కుర్చీ, తెర, రెండు లైట్లు. వెనక చీకటి గది. దాని గుమ్మానికి దళసరి నల్లబట్ట మడతలుగా వేలాడేది. సిరిసిల్లలో సాంచలనే మరమగ్గాల మీద నేసిన బట్ట అది. ఆ ఊళ్లో ఉండే ఆయన చెల్లెలు పంపింది. లోపల ఎర్ర బల్బు, ముక్కు మండించే మందునీళ్ల వాసన, నీటి కుళాయి చుక్క చుక్క. గిరాకీ మనుషులను లోపలికి రానిచ్చేవాడు కాదు. నాలాంటి వాదించేవాళ్లను మాత్రం జబ్బ పట్టి లాక్కుపోయేవాడు. చీకట్లో నా ముఖం కనపడదు కాబట్టి నాతో వాదించడం సులువు అనేవాడు.

ఈ కాలం పిల్లలకు ఆ గది తెలియదు కాబట్టి నాలుగు మాటలు చెప్పాలి. పైన ఎన్‌లార్జర్. దాని బల్బు నుంచి వెలుగు నెగటివ్ గుండా దిగి, కింద పరిచిన కాగితం మీద పడుతుంది. వెలుగు పడిన చోటల్లా, మందులో ముంచగానే, కాగితం నల్లబడుతుంది. పడని చోటు తెల్లగా మిగిలిపోతుంది. కాగితం మీద ఒక ముఖం మరీ చీకటిగా వస్తుందనుకుంటే, ఆ ముఖానికి తగిలే వెలుగుకు కాసేపు అడ్డం పెడతారు. ఒక మూల మరీ వెలవెలబోతుందనుకుంటే, మిగతాదంతా చేతులతో కప్పి ఆ మూలకు ఇంకాస్త వెలుగు తాగిస్తారు. ఆయన పనిముట్టు ఒక సైకిల్ చువ్వ. దాని కొసకు ఫోటో కాగితాల డబ్బా నుంచి గుండ్రంగా కత్తిరించిన అట్టముక్క. అంతకంటే ఏమీ లేదు. మిగతాదంతా ఆయన వేళ్లు.

"ఈడ అంతా ఉల్టా సారూ" అనేవాడు. "వెలుగిస్తే నల్లగైతది. వెలుగుకు అడ్డం నిలబడితే తెల్లగైతది. తెలుపు అంటే ఏందనుకున్నవు? కాగితం మీద ఏం లేకపోవుడు."

ఈ మాట విన్నప్పటి నుంచి ఎన్ని సభల్లో చెప్పానో. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తెలుపంటే పుణ్యమనీ, పాలనీ, దేవుడనీ నమ్మే జనానికి, తెలుపంటే ఏమీ లేకపోవడం అంటే ఎట్లా ఎక్కుతుంది?

ఆ చువ్వ తిప్పేటప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగేది కాదు. నీళ్లలో చేప తోకలా ఆడుతూనే ఉండేది. ఆగితే అట్ట అంచు కాగితం మీద గీతలా పడుతుంది, చేసిన పని బయటపడుతుంది. "చెయ్యి ఆగొద్దు" అనేవాడు. అలవాటై చీకటి గది బయట కూడా ఆ చెయ్యి ఆగేది కాదు. బజార్లో ఎదురుపడితే మాట్లాడుతూ మాట్లాడుతూ నా ముఖానికీ ఎండకూ మధ్య అరచెయ్యి ఆడించేవాడు. నీడలో నా కళ్లు ఎట్లా ఉంటాయో చూసేవాడు. కొత్తవాళ్లు ఈయన దిష్టి తీస్తున్నాడనుకునేవారు.

ఆ చేత్తో ఏం చేసేవాడో చెప్తాను. తలపాగా నీడలో మునిగిపోయిన గీతకార్మికుడి కళ్లను బయటికి తెచ్చేవాడు. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కు పంపడానికి ఇంటిల్లిపాదీ దిగిన ఫోటోలో, వెనక మూలన నిలబడి చీకట్లో కలిసిపోయిన ముసలి తల్లిని పైకి లాగేవాడు. "నెగటివ్‌ల మనిషి ఉన్నది సారూ. చీకట్ల ఇరుక్కున్నది. చెయ్యి పట్టి గుంజుతున్న, అంతే." ఉన్నదాన్ని చూపించడానికి ఎంత సేపైనా చువ్వ తిప్పేవాడు. ఉన్నదాన్ని చెరపమంటే మాత్రం చువ్వ పక్కన పెట్టి మీసం సవరించుకునేవాడు.

పెళ్లి సంబంధానికి ఫోటో కోసం పిల్లను వెంటబెట్టుకుని తల్లులు వచ్చేవారు. ఒకనాడు నా ముందరే ఒకామె బతిమాలింది.

"తమ్మీ, జెర రంగు తియ్యవా పిల్లకు. నీకు పుణ్యముంటది."

"నేను ఫోటోలు కడుగుత గని మనుషులను కడుగ అక్కా."

"గట్లంటే ఎట్ల? అవతలోళ్లు తెల్లపిల్ల గావాలంటుండ్రు."

"అయితే తెల్ల గోడకు సున్నమేసి పంపుర్రి. అదైతే ఎదురు గూడ మాట్లాడది."

ఆమె అలిగి లేచింది. పిల్ల మాత్రం పక్కున నవ్వింది. ఆ నవ్వునే ఫోటో తీశాడు. ప్రింటులో పిల్ల రంగు ముట్టుకోలేదు. వెనక తెరకు మాత్రం వెలుగు తాగించి తాగించి కాటుక చేశాడు. ఆ నలుపు ముందు పిల్ల ముఖం వెలిగిపోయింది. "పిల్లను మార్చలె అక్కా. ఎన్కున్నదాన్ని మార్చిన" అన్నాడు. ఆమె ఫోటో తీసుకుందో లేదో గుర్తులేదు. ఆ వాక్యం గుర్తుంది. మనిషిని మార్చడం కాదు, మనిషి వెనక ఉన్నదాన్ని మార్చాలి. నేను పుస్తకాలు చదివి ఇన్నేళ్లు అరిచింది కూడా అదే.

నాకూ ఆయనకూ పరిచయం కలిపింది ఒక స్వామి. వీర్నపల్లి దిక్కు ఒక గుట్ట కింద ఆ స్వామి వెలిశాడు. తల చుట్టూ వెలుగుచక్రం ఉందట, మామూలు కళ్లకు కనపడదట, ఫోటోలో పడిందట. ఆ ఫోటో ఇంటింటికీ చేరింది. నేను అప్పుడు సంచీ భుజానికేసుకుని, నిమ్మకాయలో నెత్తురు, నాలుక మీద కర్పూరం వంటి మాయలన్నీ ఊరూరా విప్పి చూపిస్తూ తిరిగేవాణ్ని. ఈ ఫోటో సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. ఎవరో చెప్తే కోరుట్లకు వచ్చి ఆయన ముందు పెట్టాను.

ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకుపోయి ఒక కన్ను మూసి చూశాడు. భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"గీ పని చేసినోడు కొత్తోడు సారూ. చెయ్యి ఆగింది."

"అంటే?"

"అంటే, స్వామికి శక్తి లేదు, వీనికి పని రాదు. ఇద్దరు కలిసి దేవుని పుట్టిచ్చిండ్రు. కూసో గా కుర్చీల."

నన్ను కూర్చోబెట్టి ఫోటో తీశాడు. నెగటివ్ సిద్ధమయ్యాక చీకటి గదిలోకి లాక్కుపోయాడు. నా తల మీద పడే వెలుగుకు తలకంటే పెద్ద అట్ట అడ్డం పెట్టి, కావాలనే చెయ్యి కదపకుండా పట్టుకున్నాడు. తర్వాత చిల్లున్న ఇంకో అట్టతో ముఖం వరకు వెలుగు మళ్లీ తాగించాడు. కాగితాన్ని మందులో వేసి ఊపాడు. ఎర్రటి నీళ్లలో నుంచి మెల్లగా నేను లేచాను, తల వెనక పున్నమి చంద్రుడితో.

"ఇగో. నువ్వు గూడ స్వామివే. ఇగ దండాలు పెట్టిచ్చుకో."

ఆ రెండు ఫోటోలూ పట్టుకుని అదే గుట్ట కింది ఊళ్లో సభ పెట్టాను. ఇది మాయ, ఇదిగో నాకూ చక్రం వచ్చింది, ఇట్లా అట్ట అడ్డం పెడితే ఎవరికైనా వస్తుంది అని గొంతు చించుకున్నాను. అంతా విని, ముందు వరసలో కూర్చున్న ఒకామె లేచి వచ్చి నా ఫోటోకు దండం పెట్టింది. కళ్లకద్దుకుని, ఇంటికి తీసుకుపోతానంది.

ఈ సంగతి చెప్తే ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఉపన్యాసం మాను సారూ, మఠం పెట్టు. గిరాకీ ఉన్నది" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఇప్పటికీ నవ్వలేను. మాయ ఎట్లా జరుగుతుందో విప్పి చూపిస్తే, విప్పినవాడికే మొక్కే జనాన్ని ఏం చేయాలి?

ఏ ముఖాన్నీ చెరపనని ఆయన అంత కచ్చితంగా ఎందుకుండేవాడో చాలాకాలం నాకు తెలియదు. సహజంగా మొండివాడు అనుకునేవాణ్ని. సిరిసిల్లలో ఒక సభ అయ్యాక "చాయ్ తాగి పోదాం రా" అని చెల్లెలింటికి తీసుకుపోయాడు. ఆమె వాకిట్లో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆయన కాల్చే బీడీలన్నీ ఆమె చేతివే. అన్నకు తగ్గ చెల్లెలు. అదే నలుపు, అవే కళ్లు, అదే నోరు. లోపలి గోడ మీద ఒక నలుపు తెలుపు ఫోటో ఉంది. అందులో పాలలాంటి పిల్ల.

"ఎవరు చెల్లే గామె?" అని అడిగాను.

"గామెనా? నా సవతి" అంది ఆమె, చేతులు ఆపకుండా.

నేను బిత్తరపోయి ఆయన వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

"భయపడకు అన్నా. గది నేనే. మా అన్న కొత్తగ పని నేర్చినప్పుడు చేసిండు. మంచిగ రాలేదా?"

మంచిగానే వచ్చింది. ఎక్కడా గీత లేదు, మరక లేదు. ముఖం ముఖమంతా వెన్నెల. ఆ రోజుల్లో ఈ పక్క సంబంధాలు ఎట్లా కుదిరేవో మీకు తెలుసు. పిల్లగాడు మస్కట్‌లోనో దుబాయిలోనో ఉంటాడు. సెలవు మీద వచ్చి పోయేవాళ్ల పెట్టెలో బట్టల మధ్య పిల్ల ఫోటో పోతుంది. అక్కడ గదిలో మిత్రులంతా చూసి "మంచిగున్నదిరా" అంటే ఇక్కడ ముహూర్తం పెడతారు. ఈమె ఫోటో అట్లాగే పోయింది. అట్లాగే కుదిరింది. పిల్లగాడు సరిగ్గా పెళ్లి వేళకు వచ్చి దిగాడు. తెర దించాక ఆమె ముఖం చూసి, పంతులు మంత్రం చదువుతుంటే, పక్కనున్న తన అన్నను అడిగాడట: "ఫోటోల పిల్ల ఏది?"

"గంతే అన్నా. అప్పటిసంది లీవుల అచ్చినప్పుడల్లా గదే మాట. సూట్‌కేసు కింద పెట్టంగనే, ఫోటోల పిల్ల ఏదే అంటడు. నవ్వుకుంటనే అంటడు. తాగితే నవ్వకుంట అంటడు."

"మరి ఆ ఫోటో తీసి పారెయ్యక గోడకెందుకు పెట్టినవు?"

"పారేస్తే నేను ఏం చూపియ్యాలె? ఏదే అంటే గోడ దిక్కు చెయ్యి చూపిస్త. ఆడున్నది, బువ్వ దాన్నే వండుమను అంట."

ఆమె నవ్వింది. అన్న వైపు తిరిగి, మెత్తగా అంది: "మా అన్న ప్రేమతోనే చేసిండు. పగవట్టి చేస్తే గింత మంచిగ రాకపోవు."

నేను ఆయన చెయ్యి చూశాను. మోకాలి మీద ఉంది. ఆగిపోయి ఉంది. ఆయన కావాలని ఆపకుండా ఆ చెయ్యి దానంతట అదే ఆగగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇదీ ఆ మనిషి. ఒక ఆడపిల్ల జీవితాన్ని ఒక అట్టముక్క నీడ ఎట్లా తినేసిందో కళ్లారా చూసి, ఇంక ఏ ముఖాన్నీ చెరపను అని బతికినవాడు. ఆ మనిషి ముఖాన్నే చెరిపి బస్టాండులో కట్టారు.

ఇంటికి పోయాను. వాకిట్లో షామియానా. కుర్చీ మీద దండ వేసి అదే గులాబీరంగు పెద్దమనిషి. కొడుకు ఎదురొచ్చాడు. బజార్లో డిజిటల్ స్టూడియో నడుపుతాడు, మర్యాదస్తుడు. నేను మర్యాద పాటించలేదు.

"ఎవలు చేసిండ్రు గిది?"

"నేనే ఫోన్ల నుంచి తీసిచ్చిన సార్. ఎందుకు, మంచిగ కనవడ్తలేడా నాయిన?"

"మీ నాయిన ఏడున్నడు ఇండ్ల?"

"అయ్యో, నేను తెల్లగ చెయ్యలే సార్. ఫోటో ఎక్కియ్యంగనే అదే చేసుకుంటది. సెట్టింగే గట్లున్నది."

సెట్టింగే అట్లా ఉంది! ఈ దేశంలో ఘోరాలన్నీ ఇట్లాగే జరుగుతాయి. ఎవరూ చేయరు. అవే అవుతాయి. అంటరానితనాన్ని ఎవరు చేశారు? ఎవరూ చేయలేదు, ముందు నుంచీ అట్లాగే ఉంది. నల్లపిల్లను ఎవరు తక్కువ చేశారు? ఎవరూ చేయలేదు, సెట్టింగే అట్లా ఉంది. చీకటి గదిలో కనీసం ఒక చెయ్యి ఉండేది. తప్పు చేస్తే ఆ చెయ్యి తలదించుకునేది. ఇప్పుడు చెయ్యే లేదు. అడగకుండా రంగేస్తే ఇరగ్గొడతానన్నాడే, ఆ ఇరగ్గొట్టడానికి కూడా చెయ్యి లేదు.

ఇదంతా వాకిట్లో నిలబడి అరిచాను. ఆ ఫోటో తీసెయ్యమన్నాను. ఒక పెద్దమనిషి వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "సచ్చిన ఇంట్ల పంచాది మంచిగుండది సార్. సచ్చినోడు జెర కళగ కనవడితే తప్పేంది?" అందరూ తలలూపారు. ఎవరూ కదల్లేదు.

అప్పటికి ఇంటి వెనక పిట్టకు పెట్టారు. చనిపోయినవాడికి ఇష్టమైనవన్నీ ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి, ముడితే ఆయనకు తృప్తి. నాకు వీటి మీద నమ్మకం లేదని వేరే చెప్పక్కర్లేదు. ఆకులో మటన్, బువ్వ, పక్కన చిన్న లోటాలో కల్లు, చెల్లెలు చుట్టిన బీడీ. దాని ముందు కుర్చీ తెచ్చి ఆ ఫోటో పెట్టారు. డప్పు మోగుతోంది. ముప్పై నలభై మంది ఆకు చుట్టూ మూగి ఆకాశం చూస్తున్నారు. పక్కింటి పిట్టగోడ మీద కాకి కూర్చుంది. చూసింది. ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. గుసగుసలు మొదలయ్యాయి.

"ముడుతలేదు."

"మనసుల ఏదో పెట్టుకొని పోయిండు."

"కొడుకు ఏమన్న అన్నడా ఏంది?"

కొడుకు ముఖం పాలిపోయింది. అప్పుడు సిరిసిల్ల చెల్లెలు కొంగు నడుముకు చెక్కి ముందుకొచ్చింది.

"మనసుల ఏం లేదు, మన్ను లేదు. కాకి అచ్చింది, సూసింది. ఎవలో తెల్లదొర సచ్చిండు, మనకెందుకు అని పోయింది. గీయన మనోడే అని దానికెట్ల తెలవాలె? నాకే తెలుస్తలేదు!"

ఎవరో నవ్వబోయి నోరు మూసుకున్నారు. ఆమె తన చేతిసంచిలో నుంచి పాత చీరపేలికలో చుట్టిన ఫోటో తీసింది. ఆయన తనను తాను తీసుకుని, తన చేత్తో కడిగి, చెల్లెలికి ఇచ్చిన ఫోటో. నల్లటి ముఖం, రంగేసిన మీసం, దీపాల్లాంటి కళ్లు. వెనక ఇంకా నల్లటి తెర. "పిల్లగా, గా దొరను లోపల పెట్టు. మా అన్నను ఈడ కూసోబెట్టు. అందరు జెర ఎన్కకు జరుగుర్రి. ఓ డప్పోళ్లూ, ఆపుర్రి కొద్దిసేపు."

కొడుకు ఫోటో మార్చాడు. జనం గోడ దాకా జరిగారు. డప్పు ఆగింది. కాకి దిగింది, మటన్ ముక్క తీసుకుని పోయింది. దాని వెనక ఇంకోటి దిగింది.

"ముట్టింది! ముట్టింది!" ఆడవాళ్లు చేతులు జోడించారు. నా భుజం మీద చెయ్యేసిన పెద్దమనిషి కళ్లు తుడుచుకున్నాడు. "చూసిండ్రా, గా ఫోటో నచ్చలేదు ఆయినకు."

నాకు ఒళ్లు మండింది. "డప్పు ఆగింది కాబట్టి వచ్చింది! మీరు దూరం జరిగారు కాబట్టి వచ్చింది! ఫోటోకూ కాకికీ ఏం సంబంధం?" అని అరిచాను. ఎవరూ వినలేదు. చెల్లెలు నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

"అన్నా, నువ్వు జెర సప్పుడు జెయ్యకు. నీ మీటింగు రేపు పెట్టుకో."

సాయంత్రం ఆమెను బస్సెక్కించడానికి బస్టాండుకు పోయాను. కొడుకు మాకంటే ముందే వచ్చి నిచ్చెన వేసి ఫ్లెక్సీ విప్పుతున్నాడు. కింద నిచ్చెన పట్టుకున్న వాళ్ల చుట్టమొకడు గొణుగుతున్నాడు: "లీడర్ల ఫోటోలున్నయ్ అండ్ల. రేపు అడిగితే ఏం చెప్పాలె?"

"గడ్డివాము మీద కప్పుకోర్రి" అంది ఆమె. "లీడర్లను లోపటికి మడువు. ఎండకు నల్లవడరు."

బస్సు కోసం నిలబడ్డప్పుడు అడగకుండా ఉండలేకపోయాను. "చెల్లే, నువ్వు నిజంగ నమ్మినవా? ఫోటో మార్చినందుకే కాకి వచ్చిందని?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "నాకు తెల్వదా అన్నా? డప్పు కొడుతుంటే కాకి ఎట్లత్తది? నువ్వు పొద్దటిసంది ఒర్రుతున్నవు. ఒక్కడన్న ఇన్నడా? కాకి చెప్తే ఇన్నరు. నాకు మా అన్న గావాలె, నీ గెలుపు గాదు."

బస్సు వచ్చింది. ఆ ఫోటోను మళ్లీ చీరపేలికలో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సిరిసిల్లలో ఆ గోడ మీద, పాలలాంటి సవతి పక్కన దాన్ని పెడుతుంది. అన్న అన్నగా ఉంటాడు. ఆమె మాత్రం ఇంకా గోడ దిక్కు చెయ్యి చూపిస్తూనే బతకాలి.

ఆమె గెలిచింది, నేను ఓడాను, ఒప్పుకుంటాను. కానీ నాకు ఊరట లేదు. ఒక మనిషి ముఖం ఆయన ముఖం కాబట్టి గోడ మీద ఉండాలి. కాకి ఒప్పుకుంది కాబట్టి కాదు. రేపు ఇంకో ఇంట్లో డప్పు మోగుతుండగానే ఆకలిగొన్న కాకి వచ్చి ముడితే? ఆ గులాబీరంగు దొరే ఆ ఇంటి తండ్రిగా మిగిలిపోతాడు. మనవలు ఆ దొరకే మొక్కుతారు. అద్దంలో తమ నల్లటి ముఖం చూసుకుని, మేమెవరికి పుట్టామని ఏడుస్తారు.

మీ ఫోన్ ఇప్పుడు మీ చేతిలోనే ఉంది. ముఖాన్ని తెల్లగా చేసే ఆ మీట ఎక్కడుందో వెతికి ఆపండి. సంబంధానికి పంపిన మీ బిడ్డ ఫోటోను వెనక్కి తెప్పించి, ఆమె ముఖంతో ఆమె ఫోటో పంపండి. కాదన్నవాడు పోనీ, పెళ్లి తెర దించాక "ఫోటోల పిల్ల ఏది?" అని అడిగేదాకా రాకముందే పోనీ. తర్వాత లేచి గోడ దగ్గరికి నడవండి. ఆ గులాబీరంగు ముసలామెను దించండి. మీ అమ్మది పాత ఫోటో ఏదో ఒకటి ఇంట్లో ఉంటుంది, మసకదైనా, మూల చిరిగిందైనా. దాన్ని తెచ్చి అక్కడ పెట్టండి. ఈ పూటే పెట్టండి. కాకి కోసం చూడకండి.